నిండు గాజు, ఖాళీ గాజు

తొమ్మిదింటికి కాగితం వస్తుందన్నారు. ఇప్పుడు ఎనిమిది దాటి రెండు నిమిషాలు. ఈ గోడ గడియారం ముల్లు ముందుకు పోయే ముందు ఒకసారి వెనక్కి వణుకుతోంది, దానికీ నాలాగే ఏదో రోగం ఉన్నట్టుంది, కానీ దాని రక్తం ఎవరూ తియ్యరు. నా రక్తం తీశారు. సూది పెట్టిన పిల్ల రెండుసార్లు గుచ్చి నరం దొరకలేదని నా చేతినే తప్పుపట్టింది, చేతులు ఇంత చల్లగా ఉన్నాయేంటి తాతా అంది, నలభై ఒక్క ఏళ్ళు బాయిలరు ముందు నిలబడ్డ చేతులు, నిప్పు తలుపు వట్టి చేత్తో తీసిన చేతులు, వాటిని చల్లగా ఉన్నాయంటుంది. నేనేమీ అనలేదు. నేనెప్పుడూ ఏమీ అనను, అది నా గుణం అనుకునే వాళ్ళున్నారు, పొగరు అనుకునే వాళ్ళు అంతకంటే ఎక్కువున్నారు. మోచేతి మడతలో దూది పెట్టుకుని ఈ ప్లాస్టిక్ కుర్చీలో కూర్చున్నాను. నాలుగు కుర్చీలు ఒకే ఇనుప కడ్డీకి బిగించారు, ఒకరు కదిలితే నలుగురూ ఊగాలి. మా అమ్మాయి నన్నిక్కడ దింపి, కదలకు నాన్నా అని చెప్పి, స్కూలు వ్యాను తీసుకుని పోయింది, పిల్లల్ని బడి దగ్గర దించేసి తొమ్మిదింటికి వస్తుంది. కదలకు అని నాకు చెప్పాలా, కదిలే ఓపిక ఉంటే ఇక్కడెందుకుంటాను. కాగితంలో అంకె దిగితే డాక్టరమ్మ సంతకం పెడతానంది. సంతకం ఉంటే మేనేజరు బాయిలరు గది తాళాలు తిరిగి ఇస్తాడు. అంకె దిగకపోతే తాళాలు లేవు, మెట్లు దిగి ఆ గదిలోకి వెళ్ళడం లేదు, ఇంట్లో కిటికీ పక్కన కూర్చుని దారిన పోయే వాళ్ళ నెత్తులు లెక్కపెట్టుకోవడమే.

బట్టలు ఉతికే కార్ఖానా మాది. ఆసుపత్రుల దుప్పట్లు, హోటళ్ళ తువ్వాళ్ళు లారీల కొద్దీ మురికిగా వస్తాయి, లారీల కొద్దీ తెల్లగా పోతాయి. ఆ తెలుపంతా నా ఆవిరి చలవే, పేరు మాత్రం సబ్బుకు పోతుంది. బాయిలరు గది వెనకవైపు, పదకొండు మెట్లు దిగాలి, మేనేజరు ఏడాదికి ఒకసారి కూడా దిగడు, చొక్కా నలుగుతుందని. నాకు పని నేర్పిన మేస్త్రీ పోయి ముప్పై ఏళ్ళు. నేను మూడో తరగతి దాకా వెళ్ళినవాణ్ణి, ఆయన బడి గోడ కూడా చూడని మనిషి, కానీ ఆయన పెట్టిన పద్ధతి ఇప్పటికీ ఆ గదిలో నడుస్తోంది. తన పూట అయిపోయి పని దిగేవాడు తాళాలు చేత్తో పట్టుకుని గుమ్మంలో నిలబడాలి. తన వల్ల ఏదైనా తప్పు జరిగి ఉంటే ముందు అది చెప్పాలి. నా చేతిలో జరిగింది ఇదీ అని మొదలుపెట్టాలి, ఎందుకు జరిగిందో చెప్పకూడదు, ఎదుటివాడు అడగకూడదు. పని ఎక్కేవాడు విన్నాను అనాలి, అని తాళాలు తీసుకోవాలి. ఆ ఒక్క మాట పడేదాకా దిగేవాడు గుమ్మం దాటకూడదు, ఇల్లు కాలిపోతున్నా సరే. ఒకసారి నేను పంపు కట్టెయ్యడం మరిచాను, చెప్పాను, మేస్త్రీ మొహం కడుక్కున్నాడు, చొక్కా మార్చుకున్నాడు, బొగ్గు కుప్ప చుట్టూ ఒకసారి తిరిగొచ్చాడు, అప్పుడు విన్నాను అన్నాడు. ఆ కాసేపట్లో నేను చచ్చి బతికాను. తిట్టి ఉంటే బాగుండేది, తిట్టు చెవి దగ్గర ఆగిపోతుంది.

ఇంకోటి చెప్పేవాడు, గాజు గొట్టం సంగతి. బాయిలరు పక్కన నిలువుగా ఒక గాజు గొట్టం ఉంటుంది, లోపల నీళ్ళెంత ఉన్నాయో అందులో తెలుస్తుంది. దాన్ని చూసి మోసపోకురా అనేవాడు. ఎందుకు అనేవాడో ఇప్పుడు గుర్తు చేసుకోబుద్ధి కావడం లేదు, ఈ గదిలో మందుల వాసన తలకెక్కుతోంది, ఎదురు గోడ మీద మనిషి గొంతు బొమ్మ వేలాడుతోంది, గొంతు మీద సీతాకోక చిలుక లాంటి ఎర్రటి ముక్క, రెక్కలు విప్పి కూర్చుంది. అదేనట నాలో చెడింది. మనిషి గొంతులో సీతాకోక చిలుక ఉందని డెబ్బై ఏళ్ళు వచ్చాక తెలిసింది నాకు. పనికిమాలినది అక్కడ కూర్చుని ఇన్నాళ్ళూ ఏం చేసిందో, ఇప్పుడు ఏం మానేసిందో, ఒక్కరూ సరిగ్గా చెప్పరు.

ఎక్కడ మొదలైందో నాకు తెలుసు. చలి. బాయిలరు గదిలో చలేస్తే ఎవరితో చెప్పుకోవాలి, పక్కవాడు బనీనుతో చెమటలు కక్కుతుంటే నేను ఉన్ని చొక్కా తొడుక్కుని నిప్పు తలుపుకు వీపు ఆనించి నిలబడేవాణ్ణి. ఇస్త్రీ ఆడవాళ్ళు నవ్వారు, బాయిలరు తాతకు ముసలితనంలో సోకు ముదిరిందన్నారు. తర్వాత గొంతు పోయింది, తుప్పు పట్టిన గేటులా కీచుమని, మామూలుగానే మాట్లాడని వాణ్ణి కదా, గొంతు పోయిన సంగతి మూడు నెలలు ఎవరూ గమనించలేదు. మొహం ఉబ్బింది. కనుబొమ్మల చివర్లు రాలిపోయాయి, అద్దంలో ఎవడో మందమతి నన్ను చూస్తున్నాడు, వాడి మీద ఒళ్ళు మండింది. కాళ్ళు నావి కావు, ఎవరివో తడి దుప్పట్లు రెండు మోస్తున్నట్టు. కడుపు వారానికి రెండుసార్లు కదిలితే పండగే. చెప్పిన మాట బుర్రలోకి పోవడానికి మెట్లు దిగి రావాల్సి వచ్చేది, పోయాక దారి మరిచిపోయేది. ఒక రోజు మధ్యాహ్నం భోజనం అయ్యాక గోడకు ఆనుకున్నాను. నీళ్ళు అడుక్కు దిగితే మోగే ఈల ఒకటి ఉంటుంది బాయిలరుకు, చెవులు చిల్లులు పడేలా మోగుతుంది, ఊరు లేచిపోతుంది. నేను లేవలేదు. నాకు కలలో రైలు వస్తున్నట్టు వినిపించింది, దాని దారిన అది పోతుందిలే అనుకున్నాను. ఇస్త్రీ ఆడవాళ్ళు పరుగెత్తుకొచ్చి నిప్పు లాగేశారట. నేను కళ్ళు తెరిచేసరికి మేనేజరు ఎదురుగా ఉన్నాడు, ఆ పదకొండు మెట్లు ఆ రోజు దిగాడు, చొక్కా నలగనే లేదు. తాళాలు నా చేతిలోంచి తీసుకోలేదు, గోడ మీది మేకు నుంచి తీసుకున్నాడు. నేను లేచి గుమ్మంలో నిలబడి నోరు తెరిచేలోపు మెట్లెక్కిపోయాడు. డాక్టరు కాగితం తెచ్చుకో అన్నాడు, వెనక్కి తిరక్కుండానే. నలభై ఒక్క ఏళ్ళలో తప్పు చెప్పనివ్వకుండా నన్ను దింపినవాడు వాడొక్కడే. అది జరిగి నాలుగు నెలలు.

అప్పటికే మొదటి కాగితం వచ్చి ఉంది, మా అమ్మాయి పట్టుబట్టి తీయించింది. ఇంగ్లీషు నాకు రాదు, కానీ అందులో రెండక్షరాలు, ఒక హెచ్చు, ఒక ఎల్లు తెలుసు, మా మీటర్ల మీద ఉంటాయి, హెచ్చు అంటే ఎక్కువ, ఎల్లు అంటే తక్కువ, అంకెలు ఎలాగూ తెలుసు. పైన ఒక వరస, లావు అచ్చు, పద్నాలుగు, పక్కన హెచ్చు. నాలుగు దాటకూడదట. కింద ఇంకో వరస, సన్న అచ్చు, సున్నా చుక్క ఏదో, పక్కన ఎల్లు. ఒకే బాయిలరుకు రెండు మీటర్లుండి ఒకటి ఎక్కువ ఒకటి తక్కువ చూపిస్తే ఏం చేస్తాం, చిన్న మీటరు చెడిందనుకుని పెద్దదాన్ని నమ్ముతాం. నేనూ పెద్దదాన్నే నమ్మాను. డాక్టరమ్మ మా అమ్మాయి కంటే చిన్నది, కళ్ళజోడు నెత్తి మీద పెట్టుకుని దానికోసం బల్లంతా వెతుక్కునే మనిషి, థైరాయిడ్ అంది, మీ గొంతులో గ్రంథి తయారు చేసే సరుకునే మాత్రగా ఇస్తున్నాను, రోజూ పొద్దున్నే పరగడుపున వేసుకోండి, అరగంట దాకా టీ తాగకండి అంది. నేను విన్నాను. ఇంటికొచ్చి ఆలోచించాను. సరుకు ఇప్పటికే ఎక్కువుంది, ఎదురుగా హెచ్చు అని రాసుంది, నాలుగుండాల్సింది పద్నాలుగుంది, దాని మీద అదే సరుకు ఇంకా పొయ్యమంటోంది. ముల్లు ఎర్రగీత దాటితే ఎవడైనా ఇంకో పార బొగ్గు వేస్తాడా. మా గదిలో అలా చేసినవాణ్ణి మెడ పట్టి గెంటుతారు, ఇక్కడ కుర్చీలో కూర్చోబెట్టి డాక్టరంటారు. నేను ఎవరితోనూ వాదించలేదు. బాత్రూంలోకి పోయి, గడ్డం గీసుకునే బ్లేడుతో మాత్రను సగానికి కోశాను. సగం మింగాను, సగం దాచాను.

రెండో కాగితంలో ముప్పై ఒకటి. చూశావా అనుకున్నాను, సగం వేస్తేనే ఇంత ఎక్కింది, పూర్తిగా వేసి ఉంటే పేలిపోయేవాణ్ణి. డాక్టరమ్మ ఇంకా పెద్ద మాత్ర రాసింది. నేను దాన్ని నాలుగు ముక్కలు చేసి ఒకటే మింగాను. మూడో కాగితంలో యాభై ఎనిమిది. అప్పటి నుంచి ముక్క కూడా మింగడం లేదు. మా అమ్మాయి ముందు నోట్లో వేసుకుంటాను, పన్ను ఊడిన సందులోకి తోస్తాను, నీళ్ళు తాగుతాను, తను అటు తిరగ్గానే తీసి డబ్బాలో వేస్తాను. చిన్న రేకు డబ్బా, గొట్టాల కీళ్ళకు వేసే రబ్బరు వాషర్లు వచ్చిన డబ్బా, ఎప్పుడూ చొక్కా జేబులో ఉంటుంది, ఇప్పుడూ ఉంది. గొంతు కోసం చప్పరించే బిళ్ళలనుకుంటుంది అమ్మాయి. ఇవాళ అంకె దిగుతుంది, దిగి తీరాలి, పూర్తిగా మానేశాను కదా. వీళ్ళ తెలివికి నేను ఎదురీది గెలిచానని వీళ్ళకు తెలియకుండానే సంతకం పెడతారు.

పక్క కుర్చీ ఊగింది, నేనూ ఊగాను. ఒకామె వచ్చి కూలబడింది, నాకంటే పదేళ్ళు చిన్నది, మెడ చుట్టూ హారం వేసినట్టు సన్నటి మచ్చ, గొంతు కోసి కుట్టిన గుర్తు. గొంతు కోసినా నోరు ఆగలేదు. ముప్పై ఏళ్ళు బస్సు కండక్టరుగా చేశానంది, ఈ గదిలో ఇంత రద్దీ తన బస్సులో అయితే సగం మందిని దింపేసేదాన్నంది, నాకేమిటి రోగం అని అడిగింది, నేను గోడ చూశాను, చెవుడా అంది, కాదన్నాను, ఆ గొంతు వినగానే తెలుసుకుంది. ఓహో మనదే బ్యాచి అంది. నాకు ఒళ్ళు మండింది. నేను ఏ బ్యాచీ కాదు. నా చేతిలో మడిచి పెట్టుకున్న పాత కాగితం ఉంది, టిక్కెట్టు చూపించండి అన్నట్టు చెయ్యి చాపి లాక్కుంది, ముప్పై ఏళ్ళ అలవాటు, ఎవరి చేతిలో కాగితం ఉన్నా తనదే అనుకుంటుంది. చూసి ఈలవేసినట్టు మూతి పెట్టింది. ఇంత తక్కువున్న మనిషి ఇలా కూర్చుని ఎలా ఉన్నాడంది.

ఎక్కువ అన్నాను. ఈ రోజు నా నోట్లోంచి వచ్చిన రెండో మాట అది. యాభై ఎనిమిది, హెచ్చు. వేలు పెట్టి చూపించాను కూడా, అక్షరం రాని మొద్దును కాదని తెలియాలి కదా.

ఆమె నన్ను ఎగాదిగా చూసింది, చిల్లర లేదన్న ప్రయాణికుణ్ణి చూసినట్టు.

"అన్నయ్యా, ఇది మీ గొంతులో సరుకు కాదు. తలలోంచి ఆ గ్రంథి మీద పడే కేక. మా డ్రైవరు బండి కదపకపోతే నేను విజిల్ ఊదేదాన్ని, ఇంకా కదపకపోతే ఇంకా గట్టిగా ఊదేదాన్ని. విజిల్ మోత ఎక్కువైందంటే బండి జోరుగా పోతున్నట్టా, అసలు కదలనట్టా?"

ఇంకా ఏదో చెప్పింది. కింద సన్న అచ్చు వరసే అసలు సరుకు, అది ఎల్లు, అది అడుగంటిందంది. తనకూ మొదట్లో తెలియలేదంది. డ్రైవరు పేరు చెప్పి ఏదో జోకు వేసింది. నాకు వినపడలేదు. నాకు ఈల వినపడుతోంది. ఆ రోజు మధ్యాహ్నం మోగిన ఈల, నేను రైలనుకున్న ఈల. నీళ్ళు అడుక్కు దిగితే మోగే ఈల. నీళ్ళు ఎంత దిగితే అంత గట్టిగా మోగుతుంది. పద్నాలుగు, ముప్పై ఒకటి, యాభై ఎనిమిది. ఈల మోగుతోందని నేను నీళ్ళు కట్టేశాను. ఇంకా గట్టిగా మోగింది, ఇంకా కట్టేశాను. ఆరు నెలలు. మొదటి వారం పనిలో చేరిన కుర్రకుంక కూడా చెయ్యని పని, నలభై ఒక్క ఏళ్ళ వాణ్ణి, రోజూ పొద్దున్నే బ్లేడు పట్టుకుని శ్రద్ధగా చేశాను. మేస్త్రీ ఎందుకు అలా అనేవాడో వద్దన్నా గుర్తొచ్చింది. గాజు గొట్టం నిండా నీళ్ళున్నా తెల్లగా కనిపిస్తుంది, చుక్క నీళ్ళు లేకపోయినా అంతే తెల్లగా కనిపిస్తుంది. నిండు గాజూ ఖాళీ గాజూ ఒకటేరా, రెండింటికీ మధ్య మనిషి ప్రాణం ఉంటుంది, కన్నును నమ్మకు, కింద కుళాయి తిప్పు, నీళ్ళు వస్తే ఉన్నట్టు, బుస్సుమంటే లేనట్టు. నేను ఎందరికి నేర్పాను ఆ మాట, కుళాయి తిప్పకుండా గాజు చదివాడని ఒకణ్ణి పనిలోంచి తీయించాను. పెళ్ళాం బిడ్డలున్నవాడు, గుమ్మంలో నిలబడి చెప్పాడు, నేను చాలాసేపు విన్నాను అనలేదు. ఒక్క మాట అడిగితే సరిపోయేది, అమ్మా ఈ అంకె దేనిది అని, అదే కుళాయి. అడగడానికి నోరు రాలేదు. ఇదే నోరు మాత్రలు దాచడానికి పనికొచ్చింది.

ఎనిమిదీ నలభై. ఇప్పుడు ఏం చెయ్యాలో నెమ్మదిగా ఆలోచించాను, ఇప్పుడు నేను ఏదైనా నెమ్మదిగానే ఆలోచించగలను. ఇవాళ అంకె దిగదు, డెబ్బయ్యో ఎనభయ్యో ఎక్కి కూర్చుంటుంది. సంతకం లేదు, అది పోయింది. కానీ దారి ఉంది. డాక్టరమ్మ ఇంకా పెద్ద మాత్ర రాస్తుంది, అది మింగకూడదు, ఎర్రగా కాలిన ఖాళీ బాయిలరులోకి ఒక్కసారి చన్నీళ్ళు కొడితే పగిలిపోతుంది, నా గుండె కూడా అంతే, పక్కనామె అదే అంటోంది, ముసలి గుండెకు కొంచెం కొంచెంగా ఎక్కించాలట. పెద్ద మాత్ర పారేసి, జేబులో డబ్బా ఉంది కదా, సగాలు పావులు, చిన్నవాటితో మొదలుపెట్టి రోజుకింత పెంచుకుంటూ పోతాను, బాయిలరు రాజేసినట్టు, తొందర లేకుండా. ఆరు వారాల్లో అంకె దిగుతుంది. సంతకం వస్తుంది, తాళాలు వస్తాయి. ఎవరికీ ఏమీ తెలియదు. మేనేజరుకు తెలియదు, నేను మీటరు తిరగేసి చదివానని, తెలిస్తే బాయిలరు ఇవ్వడు, ఇవ్వకపోవడమే న్యాయం, నేనైనా ఇవ్వను. అందుకే తెలియకూడదు. నోరు మూసుకుంటే చాలు, నాకు బాగా వచ్చిన పని. అంకె దిగిన రోజు డాక్టరమ్మ కళ్ళజోడు వెతుక్కుంటూ మా అమ్మాయితో అంటుంది, చూశావా అమ్మా, నువ్వు సరిగ్గా ఇస్తే ఎలా తగ్గిందో అని.

ఆ మాట తట్టగానే పోయినసారి సంగతి గుర్తొచ్చింది. పోయినసారి యాభై ఎనిమిది చూసి డాక్టరమ్మ నన్ను కాదు, మా అమ్మాయిని అడిగింది, మందు రోజూ ఇస్తున్నావా, ఇస్తే ఇలా ఉండదే అని. అమ్మాయి ఇస్తున్నానంది. డాక్టరమ్మ నా వైపు తిరిగింది, రోజూ వేసుకుంటున్నారా అని. ఇస్తే వేసుకుంటాను అన్నాను. మూడు మాటలు కూడా లేవు, అబద్ధం కూడా కాదు, గోడ మీద పిల్లిలా అటూ ఇటూ కాకుండా నిలబడ్డ మాట. డాక్టరమ్మ మా అమ్మాయిని చూసింది, గదిలో ఉన్న నర్సు చూసింది, బయట నిలబడ్డ ఇద్దరు చూశారు. తండ్రికి మాత్ర కూడా ఇవ్వని కూతురు. అమ్మాయి నా మొహంలోకి ఒకసారి చూసి తల వంచుకుంది. ఇంటికొచ్చే దారిలో వ్యాను నడుపుతూ ఒక్క మాట మాట్లాడలేదు, ఆ గుణం నాదే. మర్నాటి నుంచి క్యాలెండరు మీద రోజుకో గీత పెట్టడం మొదలుపెట్టింది, మాత్ర ఇవ్వగానే ఎర్ర పెన్నుతో గీత. పొద్దున్నే ఐదింటికి లేచి, వ్యానెక్కే లోపల, నా మంచం దగ్గర గ్లాసు పట్టుకుని నిలబడేది, మింగావా అనేది, నోరు చూపించు అనేది. నేను దానికి నోరు తెరిచి చూపించేవాణ్ణి, చంటివాడిలా, లోపల పన్ను సందులో మాత్ర ఉండగానే, మనసులో దాన్ని తిట్టుకుంటూ. ఎవరికి జవాబు చెప్పుకోవడానికి ఆ గీతలు. రేపు ఇలా అడిగితే చూపించడానికి. నలభై రెండు గీతలున్నాయి, ఇవాళ పొద్దున చూశాను. ఇప్పుడు నోరు మూసుకుంటే ఆ గీతలన్నీ నేను రాసిన అబద్ధానికి సాక్ష్యాలవుతాయి, ఈ ఆరు వారాలూ ఇచ్చింది, అంతకు ముందు ఇవ్వలేదు అని. మేనేజరు మేకు మీంచి తాళాలు తీసుకున్నందుకు నాలుగు నెలలుగా వాణ్ణి తిట్టుకుంటున్నాను. వాడు నన్ను తప్పు చెప్పనివ్వలేదు. నేను నా కూతుర్ని చెయ్యని తప్పులో నిలబెట్టాను, గుమ్మం దాటనివ్వలేదు, ఆరు వారాలు.

ఏమైందన్నయ్యా మొహం అలా పెట్టారు అంది కండక్టరమ్మ. మీ గొంతు ఎవరు కోశారు అని అడిగాను, ఎందుకడిగానో తెలియదు, ఏదో ఒకటి అడగడం నేర్చుకోవాలనిపించింది. ఆమె నవ్వింది, డాక్టర్లే కోశారు, మొగుడికి అంత ధైర్యం లేదు అంది.

తొమ్మిదికి ఐదు నిమిషాలుండగా మా అమ్మాయి వచ్చింది, చేతిలో వ్యాను తాళాలు, జుట్టు చెదిరి, ఎవడో పిల్లవాడు తన భుజం మీద వాంతి చేసిన మరక తడిగుడ్డతో తుడిచిన పుల్లటి వాసన. కాగితం వచ్చిందా అంది. కాగితాలిచ్చే కిటికీ దగ్గరికి పోయి తెచ్చుకుంది. చూసింది. మళ్ళీ చూసింది. నా చేతికి ఇవ్వలేదు, మడతపెట్టి వ్యాను తాళాలున్న చేత్తోనే పట్టుకుంది. ఎనభై నాలుగు అంది, నాతో కాదు, గోడ మీది గొంతు బొమ్మతో. తర్వాత సంచిలోంచి క్యాలెండరు తీసింది. గోడ నుంచి ఊడబీక్కుని తెచ్చింది, మేకు చిల్లు చిరిగి ఉంది. దాన్ని గుండెలకు ఆనించుకుని డాక్టరు గది తలుపు వైపు తిరిగి నిలబడింది, మేనేజరు ముందు నిలబడ్డ ఇస్త్రీ మనిషిలా. దాని కళ్ళలో నీళ్ళు లేవు. ఉంటే బాగుండేది.

నేను లేచాను. నాలుగు కుర్చీలూ ఊగాయి. కాళ్ళు ఎవరివో అయినా నడిచాయి, వెళ్ళి దానికీ డాక్టరు గది గుమ్మానికీ మధ్య నిలబడ్డాను. జేబులోంచి రేకు డబ్బా తీసి తాళాలు పట్టుకున్నట్టు ముందుకు పట్టుకున్నాను. చిన్నప్పుడు ఈ పిల్ల నాకు మధ్యాహ్నం క్యారియరు తెచ్చేది, మెట్ల మీద కూర్చుని మా అప్పగింతలు చూసేది, ఇంటికొచ్చి చెంచాలు తాళాల్లా పట్టుకుని వాళ్ళమ్మతో అదే ఆట ఆడేది, నేను ఆట కాదది అని కసిరాను. దానికి తెలుసు. డబ్బా చూడగానే కాదు, నేను నిలబడ్డ తీరు చూడగానే తెలుసుకుంది, మొహం గట్టిపడింది.

"నా చేతిలో జరిగింది ఇదీ," అన్నాను. గొంతు కీచుమంది. "మొదటి మాత్ర నుంచి సగం కోసి దాచాను. తర్వాత ముప్పావు దాచాను. ఆరు వారాలుగా ఒక్కటీ మింగలేదు. నువ్వు రోజూ ఇచ్చావు. ఇస్తే వేసుకుంటానని నేను డాక్టరుతో అన్నది నిన్ను ముంచడానికే."

అయిపోయింది. ఎందుకో చెప్పకూడదు, చెప్పలేదు. చెప్పాలని నాలుక చివరిదాకా వచ్చింది, ఈల, నీళ్ళు, మీటరు, హెచ్చు, అన్నీ వరసగా వచ్చి నిలబడ్డాయి, పళ్ళు బిగించాను. అమ్మాయి డబ్బా వంక చూస్తోంది. నా వంక చూడడం లేదు. లోపలి నుంచి నా నంబరు పిలిచారు. అది కదల్లేదు. నేనూ కదల్లేదు, కదలకూడదు. క్యాలెండరు మీద ఎర్ర గీతల్ని వేలితో ఒకదాని తర్వాత ఒకటి తడుముకుంటూ పోయింది, మొదటిదాని నుంచి ఆఖరిదాని దాకా, తొందర లేకుండా, నలభై రెండూ. రెండోసారి పిలిచారు, నర్సు తలుపు సందులోంచి తల పెట్టి, రాలేదా అంది విసుగ్గా. అమ్మాయి క్యాలెండరును చుట్ట చుట్టింది, సంచిలో పెట్టింది, సంచి జిప్పు లాగింది, జిప్పు మధ్యలో ఇరుక్కుంది, వెనక్కి తీసి మళ్ళీ లాగింది. వ్యాను తాళాలు ఆ చేతిలోంచి ఈ చేతిలోకి మార్చుకుంది. మేస్త్రీ కూడా ఇంతసేపు తీసుకోలేదు. నా చెయ్యి బరువెక్కి డబ్బాలో ముక్కలు గలగలమంటున్నాయి.

మూడోసారి పిలిచారు.

"విన్నాను," అంది.

రెండు వేళ్ళతో డబ్బా తీసుకుంది. అప్పుడు గుమ్మం దాటాను.